చెవులమ్మ కుడి చెంప

"నక్షత్రాలు వద్దమ్మా," అంది రైటరమ్మాయి.

బొమ్మలమ్మ కలం ఆపలేదు. ఎలుగు మామ అరచెయ్యి అప్పటికే గీసేసింది. చెయ్యి గాలిని చీల్చుకుంటూ వచ్చినట్టు వెనక మూడు గీతలు కూడా పడ్డాయి. ఇక చెవులమ్మ తల చుట్టూ అయిదు నక్షత్రాలు తిరగాలి. కలం ఎత్తకుండా ఒక్క గీతలో ఒక నక్షత్రం. ముప్పై ఏళ్ళు గీసింది, కళ్ళకు గంతలు కట్టినా గీస్తుంది.

"నక్షత్రాలు లేకపోతే దెబ్బ తగిలినట్టు పిల్లలకెలా తెలుస్తుంది?"

"ఇది పిల్లలకి కాదు కదమ్మా."

అదీ నిజమే. పిల్లల వారపత్రిక మూతబడి పదకొండేళ్ళయింది. దాని పాత బొమ్మలు చేజిక్కించుకున్న స్టూడియో వాళ్ళు, ఎలుగు మామనీ చెవులమ్మనీ ఇప్పుడు పెద్దవాళ్ళ కోసం మళ్ళీ బతికిస్తామని కూర్చున్నారు. ఎలుగు మామ కోపిష్టి మొగుడు. చెవులమ్మ అతని పెళ్ళాం, తెల్ల కుందేలు. వారం వారం ఆవిడ ఏదో తిక్క పని చేసేది, ఆయన ఒక్కటి పీకేవాడు, నక్షత్రాలు తిరిగేవి. చివరి గడిలో ఆవిడ చెవులు దులుపుకుని, "ఏం కాలేదు మామా, కాస్త దుమ్ము దులిపావంతే!" అనేది. సైకిల్ మీంచి పడ్డ పిల్లలు, పంతులు చేత మొట్టికాయ తిన్న పిల్లలు, అందరూ అదే మాట అనేవారు. ఎలుగుబంటికీ కుందేలుకీ పెళ్ళేమిటని ఎవరూ అడగలేదు. కొట్టడమేమిటని కూడా అడగలేదు.

స్టూడియోలో కుర్రవాళ్ళంతా తెరమీద ప్లాస్టిక్ కలంతో గీస్తారు. కానీ ఎంత గీసినా చెవులమ్మ చెవి వాళ్ళ చేతికి రాలేదు. ఒకరు గీస్తే గాడిద చెవి అయింది, ఇంకొకరు గీస్తే చెంచా అయింది. అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి, ఈ చెవి గీసిన ఆవిడ ఇంకా బతికే ఉంటుందేమోనని. బొమ్మలమ్మకి అరవై రెండు. కంటిపొర తీయించుకుని అప్పటికి పది రోజులు. కూతురి ఇంట్లో వెనకగదిలో కూర్చుని గోడ చూస్తూ ఉంది. ఫోను రాగానే పాత కలాల డబ్బా తీసి తుడిచింది.

"మా పత్రికలో ఒక నియమం ఉండేది," అంది బొమ్మలమ్మ, కలం మూత పెడుతూ. "తర్వాతి గడిలో అంతా మామూలే. బొప్పి కట్టనీ, పళ్ళు ఊడనీ, గడి దాటితే నయమైపోవాలి."

"ఇందులో నయం కాదమ్మా. కథ ఎనిమిది రోజులు నడుస్తుంది. మొదటి రోజు తగిలిన దెబ్బ ఎనిమిదో రోజు దాకా చెంప మీద ఉంటుంది. రోజుకో రంగు మారుతూ ఉంటుంది. కథంతా అదే. దెబ్బ గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, రంగు మాత్రం మారుతుంది."

"కుందేలుకి బొచ్చుంటుంది కదే పిల్లా, కమిలితే ఎక్కడ కనిపిస్తుంది?"

రైటరమ్మాయి నవ్వింది. ముప్పై దాటని పిల్ల, జుట్టు కత్తిరించుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉంటుంది. "తెల్ల కుందేలు కాబట్టి బతికిపోయాం. నల్లదయితే నేనూ ఏం చెయ్యలేకపోయేదాన్ని."

బొమ్మలమ్మకి ఒళ్ళు మండింది. పసిపిల్లలు చూసి నవ్విన మొహం మీద మచ్చలు పెట్టడమేమిటి? లేచి పోదామనే అనుకుంది. పోతే మళ్ళీ ఆ వెనకగది, ఆ గోడ, ఎవరి చేతి నీళ్ళు ఎప్పుడు వస్తాయా అని చూడటం. కాగితం మీద చెంప ఖాళీగా వదిలేసి, "రంగు రేపు వేస్తాలే," అంది.

*

ఆ సోమవారం సాయంత్రం తలుపు తీసిన కూతురు జుట్టు ఒక పక్కకి జార్చుకుని ఉంది.

"ఏమైందే?"

"అలమారా తలుపు తగిలిందమ్మా. చూసుకోలేదు."

కుడి చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా ఎర్రగా ఉంది. ఎరుపు అంతా ఒక్కలా లేదు. పైన పలచగా, కింద ముదురుగా, మధ్యలో ఒకటి రెండు చారలు తేలి ఉన్నాయి. కంటిపొర తీశాక బొమ్మలమ్మకి రంగులన్నీ కొత్తగా కడిగినట్టు కనిపిస్తున్నాయి. తెల్లగోడకి నీలి ఛాయ ఉందని ఆపరేషన్ అయ్యాకే తెలిసింది.

"చల్లనీళ్ళు పెట్టావా?"

"పెట్టానమ్మా."

అంతే. తల్లి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. కూతురు వంటింట్లోకి వెళ్ళింది.

ఆరింటికి అల్లుడి ఫోను మోగింది. కంటిచుక్కల వేళ తప్పకుండా అతను అలారం పెట్టుకున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చి, "తల వెనక్కి వాల్చండి అత్తయ్యా," అన్నాడు. రాసినా, సీసా పట్టినా అతనిది ఎడమచెయ్యే. కుడిచేతి వేలితో కింది రెప్ప మెల్లిగా లాగి, ఎడమచేత్తో సీసా ఒడుపుగా నొక్కాడు. ఒక్క చుక్క, సరిగ్గా కంటి మధ్యలో. ఇన్నాళ్ళలో ఒక్క చుక్క పక్కకి పోలేదు.

"రెండు నిమిషాలు తెరవకండి. మంటగా ఉందా?"

"లేదు బాబూ."

కడుపున పుట్టిన కొడుకు కూడా ఇలా చూడడని పక్కింటావిడ అంటుంది. బొమ్మలమ్మ కూడా పదిమందితో అదే చెబుతుంది. కళ్ళు మూసుకుని కూర్చుంది. వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడు, ఆ వెంటనే కూతురు గొంతు, "ఏం లేదండీ, ఏం లేదు, చెయ్యి జారింది," అని వినిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడక్కముందే చెబుతోంది. బొమ్మలమ్మ కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుంది.

*

మంగళవారం పింగాణీ పళ్ళెంలో ఎరుపు కలిపింది. మరీ ఎరుపయితే సిగ్గుపడ్డట్టు ఉంటుంది. అందులో కుంచె చివరతో ఒకే ఒక్క చుక్క నీలం ముంచింది. చెంప మీద తడి పెట్టి, పైనుంచి రంగు జారవిడిచింది. కంటి కింద పలచగా నిలిచి, దవడ దగ్గర ముదిరింది. తడి ఆరకముందే సన్నకుంచెతో రెండు చారలు పైకి తేల్చింది. రైటరమ్మాయి వెనక నిలబడి చూస్తూ ఊపిరి బిగబట్టింది.

బుధవారం పొద్దున్న కూతురు టిఫిన్ డబ్బా అందించేటప్పుడు చెంప మీద పౌడరు మందంగా ఉంది. పౌడరు కింద ఎరుపు పోయి వంగపండు రంగు వచ్చింది. బొమ్మలమ్మ డబ్బా అందుకుంది, "వస్తానే," అంది, బస్సెక్కింది. స్టూడియోలో పళ్ళెం కడిగి ఎరుపూ నీలం సమంగా కలిపింది. గురువారానికి నీలం పెరిగి నల్లగా మారింది. శుక్రవారం పొద్దున్న అంచుల్లో సన్నగా ఆకుపచ్చ తిరిగింది.

అలమారా తలుపుకి అంచు ఉంటుంది గాని వేళ్ళుండవు. ఈ మాట బొమ్మలమ్మ ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోకుండా ఉండటం కూడా ఒక పనే. చేసేవాళ్ళకి తెలుస్తుంది అదెంత చాకిరీయో. పొద్దున్న డబ్బా అందుకునేటప్పుడు మొదలుపెట్టి, బస్సులో చేసి, పళ్ళెం ముందు కూర్చున్నాక గాని ఆమెకి ఊపిరాడేది కాదు. అక్కడ మాత్రం చెయ్యి తనంతట తానే పరుగెత్తేది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. ఆ సంతోషానికి ఆమెకి సిగ్గు కూడా కలగలేదు.

"ఆకుపచ్చ వస్తుందని ఎలా తెలుసమ్మా?" అంది రైటరమ్మాయి శుక్రవారం. "నేను పుస్తకాల్లో వెతికి రాసుకున్నా, నీలం తర్వాత ఆకుపచ్చ అని. మీకు చెప్పనేలేదు."

"ముప్పై ఏళ్ళ చెయ్యమ్మా. దానికి తెలుస్తుంది."

"ఇంకో మాట. చివర చెవులమ్మ అనే మాట ఉంది చూడండి, దుమ్ము దులిపావంతే అని. అది మార్చను. ఎనిమిది రోజుల మచ్చ మీద ఆ ఒక్క మాట పడితే చాలు, చదివేవాడికి నవ్వు గొంతులోనే ఆగిపోవాలి. ఎవరు రాశారో గాని..."

"నేనే రాశా."

రైటరమ్మాయి చేతిలోని కాగితం దించింది.

"కథ ఎడిటరుగారిది. ఒక వారం ఆయనకి చివరి మాట తట్టలేదు. చెవులమ్మ మాటల బుడగ ఖాళీగా పంపించాడు, అవతల ప్రెస్సు ఆగి ఉంది. నేనే ఏదో రాసి పడేశాను. జనం వెర్రెత్తిపోయారు. మా అమ్మాయికప్పుడు అయిదేళ్ళు. ఇల్లంతా అదే మాట అనుకుంటూ గెంతేది."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. కథ ఆయనది, బొమ్మ ఈవిడది, నవ్వు అందరిదీ. పైగా ఆ మాటా ఈవిడదే. పిడికెడు కాదు, దోసెడు.

ఆ మధ్యాహ్నం మిగిలిన మూడు రోజుల రంగులూ వేసింది. అవి మాత్రం తేలిగ్గా రాలేదు. పసుపు ఎంత, ఆకుపచ్చ ఎంత అని పళ్ళెం నాలుగుసార్లు కడిగింది. చివరికి ఊహించి వేసేసింది.

*

శనివారం పదింటికి చెకింగ్ మాస్టారు పిలిచాడు. ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. పాత పత్రికలోనూ ఆయనదే తప్పులు పట్టే పని. ఆ రోజుల్లో ఎలుగు మామ చొక్కాకి మూడు గుండీల బదులు నాలుగు పడితే పేజీ మొత్తం వెనక్కి పంపేవాడు.

"ఈ వయసులో నా చేత తప్పు పట్టించుకుంటారనుకోలేదమ్మా," అన్నాడు. బల్ల మీద పదకొండు పేజీలూ వరసగా పరిచి ఉన్నాయి. "ఎలుగు మామది ఏ చేతి వాటం?"

"కుడి. మోడల్ షీట్ మీద రాసింది నేనేగా."

గోడకి అంటించిన మోడల్ షీట్ అంటే ఆ బొమ్మల జాతకమే. ఎవరి ఎత్తెంత, ఎవరికెన్ని వేళ్ళు, ఎవరిది ఏ చేతి వాటం, అన్నీ దానిమీద ఉంటాయి. ఎవరు ఎన్నాళ్ళు గీసినా దాన్ని దాటడానికి లేదు.

"కదా. మరి కుడిచేతి వాడు ఎదురుగా ఉన్న మనిషిని కొడితే ఎక్కడ తగులుతుంది?" ఆయన తన కుడిచెయ్యి ఎత్తి, బొమ్మలమ్మ మొహం వైపు గాల్లో మెల్లిగా తెచ్చి, జానెడు దూరంలో ఆపాడు. ఆమె ఎడమ చెంప పక్కన. "ఇక్కడ. మీరు పదకొండు పేజీల్లోనూ కుడి చెంప మీద వేశారు. ఒక పేజీలో అయితే పొరపాటు అనుకుందును. పదకొండు పేజీలమ్మా!"

"దిద్దేస్తా," అంది బొమ్మలమ్మ. తన బల్ల దగ్గరికి వెళ్ళి, తెల్లరంగు సీసా మూత తీసింది. మొదటి పేజీ ముందుకి లాక్కుంది.

ఎంత బాగా వేసింది! పైన పలచగా, కింద ముదురుగా, రెండు చారలు. తెల్లరంగులో ముంచిన కుంచె ఆ చెంప మీదికి తెచ్చింది. అక్కడే ఆపింది. తను కల్పించిన బొమ్మ అయితే ఏ చెంప మీద వేస్తే ఏం? కుడి చెంప అని చేతికి ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. తనే చూసింది. సోమవారం తలుపు దగ్గర, మంగళవారం డబ్బా అందుకుంటూ, బుధవారం పౌడరు కింద. చూసి, మోసుకొచ్చి, ఇక్కడ దించింది. కుడి చెంప మీద ఎదురుగా నిలబడి కొట్టాలంటే ఎడమచేతివాడే కొట్టాలి. ఇంట్లో ఎడమచేత్తో ఒక్క చుక్క పక్కకి పోకుండా చూసుకునేవాడు ఒక్కడే.

కుంచె నుంచి తెల్లచుక్క బల్ల మీద పడింది. ఆమె దాన్ని చీరకొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఏడుపు రాలేదు.

"ఏమైందమ్మా?" రైటరమ్మాయి దగ్గరికి వచ్చింది. "నేను తెరమీద తిప్పేస్తాలెండి, అద్దంలోలా, ఒక్క నిమిషం పని."

"వద్దు." బొమ్మలమ్మ తెల్లరంగు సీసా మూత బిగించింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, మోడల్ షీట్ మీద 'కుడిచేతి వాటం' అన్నచోట 'కుడి' మీద గీత గీసి, పక్కన 'ఎడమ' అని రాసింది. "దెబ్బ మార్చడానికి వీల్లేదు. చెయ్యి మారుస్తా."

భూతద్దం నోరు తెరిచాడు. రైటరమ్మాయి మోడల్ షీట్ వంక, తర్వాత బొమ్మలమ్మ వంక చూసింది. కొట్టే గడి ఒక్కటే ఉంది. బొమ్మలమ్మ కొత్త కాగితం మీద ఎలుగు మామని మళ్ళీ గీసింది, ఈసారి ఎడమచెయ్యి ఎత్తి. గాలి గీతలు పెట్టలేదు. గీస్తూనే అడిగింది.

"నువ్వుండేది ఒక్కదానివేనా పిల్లా?"

"ఒక్కదాన్నే. ఒకటే గది."

"ఇద్దరికి చోటుంటుందా, నాలుగు రోజులు?"

"ఎవరికమ్మా?"

"చెవులమ్మకి. నాకు."

రైటరమ్మాయి సంచీలోంచి తాళంచెవి తీసి రంగుల పళ్ళెం పక్కన పెట్టింది. "పరుపు ఒకటే ఉంది. చాప కూడా ఉంది," అంది.

*

కూతురు తలుపు తీసి, తల్లిని చూసి బెదిరిపోయింది. "ఇంత తొందరగా వచ్చావేంటి? పని పోయిందా?"

బొమ్మలమ్మ లోపలికి వచ్చి తలుపేసింది. కూతురి జుట్టు ఒక పక్కకి తొలగించింది. కూతురు మొహం తిప్పుకోబోయి, ఆగిపోయింది.

"ఎవరని అడగను. ఎన్నాళ్ళ నుంచే?"

కూతురు చేతిలో మసిగుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"నీకు తెలుసనుకున్నానమ్మా."

"నాకా?"

"రోజూ పొద్దున్నే డబ్బా అందుకుంటూ నా మొహం చూసేదానివి. ఊరికే చూడటం కాదు. బొమ్మ గీసేటప్పుడు చూస్తావే, అలాగ. చూసి, వస్తానే అని వెళ్ళిపోయేదానివి. అమ్మకి తెలిసింది, తెలిసీ ఊరుకుంది, అయితే ఊరుకోవాలి కాబోలు అనుకున్నా." గొంతులో కోపం లేదు. అదే భరించడానికి వీల్లేకుండా ఉంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నువ్వే అనేదానివి కదా."

బొమ్మలమ్మ కుర్చీలో కూలబడింది. లేదే, నాకు తెలియదే అని అనబోయింది. నోట్లో ఆ మాట నిలవలేదు. పదకొండు పేజీలు సాక్ష్యం ఉండగా ఎవరితో అనాలి?

"ఇంత ఓర్చుకుని ఇక్కడెందుకున్నావే? నాతో ఒక్క మాట అంటే..."

"అంటే ఏం చేసేదానివి? నీ కన్ను పచ్చిగా ఉంది. నెలన్నర చుక్కలు వెయ్యాలన్నారు. ఆ గది ఆయనది, ఆ చుక్కలు ఆయన చేతిలో ఉన్నాయి. నేను బయటికి నడిస్తే నిన్నెక్కడ పెట్టను? నీ కన్ను కుదురుకునేదాకా ఆగుదామనుకున్నా. ఆ తర్వాత..." ఆ తర్వాత ఏమిటో కూతురికీ తెలియదు. మసిగుడ్డ మళ్ళీ విప్పింది.

కూతురి కాపురం చెడుతుందని తల్లి కళ్ళు మూసుకుంది. తల్లి నీడ పోతుందని కూతురు నోరు మూసుకుంది. ఇద్దరి మధ్యా అతను చేతులు శుభ్రంగా కడుక్కుని తిరిగాడు.

"సంచీలో రెండు జతలు పెట్టు," అంది బొమ్మలమ్మ. "నీవి రెండు, నావి రెండు."

"ఎక్కడికమ్మా?"

"చాప ఉన్న చోటికి. ముందు పెట్టవే."

కూతురు కదల్లేదు. "ఊరుకుంటారా ఆయన? వెతుక్కుంటూ వస్తే? నాలుగు రోజులయ్యాక ఏం చేస్తాం?"

"తెలీదు," అంది తల్లి. నిజంగానే తెలీదు. గోడ పట్టుకుని లేచి, తనే అలమారా తలుపు తీసింది. ఆ తలుపు మనిషి చెంపకి తగిలే ఎత్తులోనే లేదు, నడుము దాకానే ఉంది. ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి రోజూ తెరుస్తూనే ఉంది.

శనివారం అతనికి ఒంటిపూట ఆఫీసు. సంచీ మూతి ముడి వేస్తుండగా తాళం తిరిగిన చప్పుడయింది. కూతురు సంచీని కాలితో మంచం కిందకి తోసింది, అలవాటుగా. అతను లోపలికి వచ్చి, అత్తగారిని చూసి నవ్వాడు.

"ఏంటత్తయ్యా, ఈవేళ తొందరగా వచ్చేశారు? మంచిదే. రెండింటి చుక్కలు ఆఫీసులో ఎవరి చేతో వేయించుకోనక్కర్లేదు." మాట పూర్తవకముందే ఫోనులో అలారం మోగింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, సీసా తెచ్చాడు, ఎడమచేత్తో. అప్పుడు మంచం కింద నుంచి సగం బయటికి ఉన్న సంచీ చూశాడు. నవ్వు పోలేదు గాని ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమైంది?"

అడిగింది భార్యని. చాలా మెల్లిగా అడిగాడు.

"ఏం కాలేదండీ," అంది కూతురు. అతని నోట మాట పూర్తయిందో లేదో, అనేసింది. అయిదేళ్ళప్పుడు ఇల్లంతా గెంతుతూ నేర్చుకున్న మాట అది. తల్లి ఖాళీ బుడగలో రాసిన మాట.

"అయింది," అంది బొమ్మలమ్మ.

గొంతు పెద్దది చెయ్యలేదు. ఆమె ముందుకి వచ్చి చెయ్యి చాపింది. "సీసా ఇలా ఇవ్వండి బాబూ. నేనే వేసుకుంటాను."

"మీకు చేత కాదత్తయ్యా. కన్నుతో ఆటలొద్దు. మీరు పెద్దవారు, ఎవరో ఏదో చెప్పారని..."

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను. వారం రోజులుగా చూస్తున్నాను." చెయ్యి వెనక్కి తియ్యలేదు. అతను ఆ చెయ్యి వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఇంతకాలం ఇద్దరూ ఒకేసారి అతని మొహంలోకి చూడలేదు, ఇప్పుడు చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక సీసా ఆమె చేతిలో పెట్టాడు.

బొమ్మలమ్మ తల వెనక్కి వాల్చి, తనే రెప్ప లాగి నొక్కింది. మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది చెంప మీద పడి మెడ దాకా కారింది. మూడోది కంట్లో పడింది. మండింది. రెండు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి, మూసుకోలేదు. మసకలోనే కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.

"సంచీ తియ్యవే. మెట్లు నాకు సరిగా కనిపించవు, నువ్వు ముందు నడువు."

కూతురు వంగి సంచీ లాగింది. అతను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తల్లీకూతుళ్ళు నడిచి అతని దాకా వచ్చి ఆగారు. ఎంతసేపు ఆగారో బొమ్మలమ్మకి తెలియదు. ఎదురుగా ఒక మసక ఆకారం మాత్రం కనిపిస్తోంది. ఆ ఆకారం ఎడమచెయ్యి వేళ్ళు ఒకసారి ముడుచుకున్నాయి. పక్కింటావిడ తలుపు తీసిన చప్పుడయింది. అతను పక్కకి తప్పుకున్నాడు.

వీధిలో ఎండ మొహాన కొట్టింది. కూతురు గబగబా జుట్టు చెంప మీదికి లాక్కుంది. బొమ్మలమ్మ ఆగి, ఆ జుట్టు తీసి చెవి వెనక్కి దోపింది. కంట్లో మసక తొలగుతోంది. ఎండలో ఆ చెంప తేటగా కనిపించింది. ఆరో రోజుకి ఆకుపచ్చ విరిగి పసుపు తిరుగుతుందని ఊహించి వేసింది. తప్పు. అంచులు తప్ప మధ్యలో ఇంకా నల్లగానే ఉంది. సోమవారం వెళ్ళగానే ఆ పేజీ దిద్దాలి.